మేనమామ నంబరు ఇవ్వండి

"మా పెద్దవాడికి పదహారేళ్లు, ఇంటర్ చదువుతున్నాడు. వీక్లీ టెస్టులో ర్యాంకు తగ్గితే రెండు రోజులు పెరుగన్నం కూడా కెలికి వదిలేస్తాడు. చిన్నవాడు సాయంత్రానికి మర్చిపోతాడు. 'అచ్చం మీ తమ్ముడే, మీ పుట్టింటి రక్తం' అంటారు పెద్దవాణ్ణి మావారు. నా తమ్ముడు నాలుగేళ్ల క్రితం డిప్రెషన్‌తో ఉద్యోగం మానేశాడు. అప్పట్నుంచి ఇంటికి పిలవడం లేదు. మొన్న వీడు మామయ్య నంబరు అడిగితే ఇవ్వలేదు. ఇది జీన్స్‌లో ఉందో లేదో తెలిసే టెస్టు ఏదైనా ఉందా?"
- ఒక తల్లి

లేదమ్మా. ఉందని ఎవరైనా అమ్మినా కొనకండి.

రక్తం మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం, జీవితం మీద తృప్తిలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు మూడో వంతు జన్యువుల వల్లే. అయితే అది జనం మొత్తం మీద వేసిన లెక్క, మీవాడి జాతకం కాదు. కష్టాలకు ఎవరు కుంగిపోతారో, మెదడులోని సెరొటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన జన్యువు ఒకటి చెప్పేస్తుందని 2003లో పెద్ద హడావుడి జరిగింది. 2019లో లక్షల మంది వివరాలతో సరిచూస్తే అది నిలవలేదు. అన్నట్టు, చిన్నవాడి హుషారుని మీవారు ఏ వైపు ఖాతాలో రాస్తున్నారో అడగండి.

మీవారిది నోటి దురుసు, అది తప్పే. నాకు మింగుడుపడనిది మాత్రం ఆ నంబరు. మీవాడికి ఇంట్లో కనిపిస్తున్నదేమిటి? మామయ్య జబ్బుపడ్డాడు, అమ్మ పిలవడం మానేసింది. నాన్నేమో తనని 'అచ్చం మామయ్యే' అంటున్నాడు. ఇక ర్యాంకు తగ్గిన రోజు వాడికి ముద్ద ఎలా దిగుతుంది?

హవాయిలోని కావాయ్ దీవిలో 1955లో పుట్టిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగినవాళ్లలో మూడో వంతు చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లలో చాలామందికి అమ్మానాన్నలు కాకపోయినా, తాతో, బాబాయో, టీచరో, నమ్ముకోదగ్గ పెద్ద మనిషి ఒకరున్నారు. మీవాడు అలాంటి మనిషిని తనే వెతుక్కున్నాడు. చెవులు కుట్టించినప్పుడు వాడు కూర్చున్నది ఆ తమ్ముడి ఒళ్లోనే అయి ఉంటుంది. అప్పుడు పనికొచ్చినవాడు ఇప్పుడు పనికిరాడా?

తిండి, నిద్ర రెండు వారాలు దాటినా దారికి రాకపోతే సైకియాట్రిస్టుకి చూపించండి. బతకాలని లేదని ఒక్కసారి అన్నా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆదివారం తమ్ముడిని భోజనానికి పిలవండి. వాట్సాప్‌లో కాదు, ఫోన్ చేసి. మీవారిని అడగక్కర్లేదు, చెప్పండి చాలు. నంబరు మాత్రం ఆదివారం దాకా ఆపకండి, ఈ రాత్రికే వాడికి ఇవ్వండి.