నాలుగు నెలలు నెమ్మదిగా ఉన్న బాల్ పైథాన్ ఇప్పుడు బుసకొట్టి చేతి మీదికొస్తోంది. దీనికి పొగరెక్కిందా?

ఏడాది వయసు బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచే చిన్న కొండచిలువ), కొన్న నాలుగు నెలలూ చేతిలో చక్కగా ఉండేది, రెండు వారాలుగా మూత తీస్తే చాలు బుసకొడుతోంది, రెండుసార్లు చేతి మీదికి దూకి, కొట్టి వెంటనే వదిలేసింది, మాన్పించడం ఎలా అని అడిగారు. పొగరు కాదు. పాముకు పొగరూ పగా అలకా లేవు. అది చేతి మీదికి రావడానికి కారణాలు రెండే: భయం, ఆకలి. ఆ రెండింట్లో ఏదో తేల్చుకోకుండా మాన్పించడం మొదలుపెడితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది, పాము ఇంకా బెదురుతుంది.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. భయపడ్డ పాము ముందే చెబుతుంది. మెడను వెనక్కి లాగి ఎస్ ఆకారంలో మడుస్తుంది, ఊపిరి నింపుకుని ఒళ్లు ఉబ్బిస్తుంది, బుస వినబడుతుంది. ఆ తర్వాత కొడితే రెప్పపాటులో కొట్టి వెనక్కి వెళ్లిపోతుంది. కొరికినా వెంటనే వదిలేస్తుంది. చాలాసార్లు కొరకను కూడా కొరకదు, ముక్కుతో పొడిచి వెనక్కి లాక్కుంటుంది. ఆకలితో వచ్చే పాము దీనికి పూర్తిగా వ్యతిరేకం. చప్పుడు చేయదు. హైడ్ (దాక్కోవడానికి పెట్టే గూడు) లోంచి తల బయటపెట్టి మీ చెయ్యి ఎటు కదిలితే అటు తిరుగుతుంది, నాలుక గబగబా ఆడిస్తుంది, పట్టుకుందంటే వదలదు, చుట్లు కూడా వేస్తుంది. మీరు బుస గురించి రాశారు, కొట్టి వెంటనే వదిలేసిందని కూడా రాశారు. కాబట్టి మీది భయమే. విషం లేని కింగ్ స్నేక్ పెంచేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది రెండోది. వాళ్లు చేతులు వాసన లేని సబ్బుతో కడుక్కుని, పాము నడుం భాగాన్ని హుక్‌తో (పామును ఎత్తే కొక్కెం కర్రతో) మెల్లగా తట్టి, ‘ఇది తిండి కాదు’ అని ముందే తెలియజేస్తే సగం సమస్య తీరిపోతుంది.

ఇప్పుడు మీరు మూత తీసినప్పుడు లోపల ఏం జరుగుతోందో పాము వైపు నుంచి చూడండి. బాల్ పైథాన్ రాత్రిపూట తిరిగే జీవి. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో గడుపుతుంది. మీ టబ్బులో హైడే దాని బొరియ. పాముకు బయటి చెవులు లేవు. నేల అదురు దవడ ఎముకల గుండా లోపలి చెవికి చేరుతుంది. మూత క్లిప్పులు టక్కుటక్కుమని ఊడిన అదురు టబ్బు గోడల నుంచి నేలకు, నేల నుంచి దాని దవడకు వెళుతుంది. తర్వాత ఒక్కసారిగా వెలుతురు. తర్వాత పైనుంచి నీడ. పై పెదవి పొడవునా ఉన్న చిన్న గుంటలతో అది వేడిని పసిగడుతుంది, ఆ గుంటలకు ఇప్పుడు వెచ్చటిదేదో తన నెత్తి మీదికి దిగుతున్నట్టు తెలుస్తుంది. దాని తిండి నేల మీద పాకుతూ వస్తుంది. తనని తినేది పైనుంచి దిగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మీరు హైడ్ పైకెత్తుతారు, ఉన్న ఒక్క కప్పూ పోతుంది.

అప్పుడు ముందు నాలుక ఆగిపోతుంది. ఇది దాని మొదటి మాట, ఇది గమనించేవాళ్లు చాలా తక్కువ. తర్వాత తల చుట్టల కిందికి జరుగుతుంది, ఒళ్లు బిగుస్తుంది. మీ చెయ్యి ఇంకా వస్తూనే ఉంటే మెడ వెనక్కి వెళుతుంది, ఒళ్లు ఉబ్బుతుంది, ఆ తర్వాత బుస. ఇన్ని చెప్పాక కూడా చెయ్యి ఆగకపోతేనే కొడుతుంది. మీరు ఉత్తరంలో చెప్పిన కథ బుస దగ్గర మొదలైంది, దాని కథ అంతకు చాలా ముందు మొదలైంది.

కాబట్టి మార్చాల్సింది చెయ్యి వచ్చే తీరు. పగలు నిద్రలో ఉన్నప్పుడు తీయకండి, చీకటి పడ్డాక అదే తిరుగుతున్నప్పుడు తీయండి. మూత తీసి అర నిమిషం ఊరికే ఉండండి. చెయ్యి నెత్తి మీదికి కాకుండా పక్క నుంచి, నేలకు దగ్గరగా, దానికి కనబడేలా పోనివ్వండి. ముందు హుక్‌తో గానీ చుట్టిన కాగితంతో గానీ నడుం దగ్గర తాకి, నాలుక ఆడే దాకా ఆగండి. నాలుక నెమ్మదిగా, పొడుగ్గా బయటికి వచ్చి పోతుంటే అది మిమ్మల్ని వాసన చూస్తోంది, దారి తెరుచుకున్నట్టే. అప్పుడు అరచేతిని నడుం కిందికి జార్చి, రెండో చెయ్యి వెనక భాగానికి ఆనించి, బరువంతా మోస్తూ ఎత్తండి. మెడ పట్టుకోవద్దు, తోక పట్టి లాగొద్దు. పాము తన పొడవులో మూడో వంతు నుంచి సగం దూరం దాకా కొట్టగలదు, ముఖాన్ని ఆ దూరానికి అవతలే ఉంచండి.

మరి నాలుగు నెలలు లేనిది ఇప్పుడెందుకు? ముందు కళ్లు చూడండి. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా, పాలు కలిపినట్టు మసకబారతాయి, పొట్ట గులాబీ రంగుకు తిరుగుతుంది, ఒంటి రంగు వెలుస్తుంది. మొదలైన దగ్గర్నుంచి కుబుసం ఊడేదాకా ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో దానికి చూపు సరిగా ఆనదు. కళ్లు మళ్లీ తేటపడ్డాయంటే పని అయిపోయిందనుకుంటారు, కాదు. తేటపడ్డ కొన్ని రోజులకు గానీ కుబుసం ఊడదు. మీ రెండు వారాల లెక్కకు ఇది బాగా సరిపోతుంది కూడా. ఊడేదాకా ముట్టుకోకండి, గాలిలో తేమ 60 శాతానికి తగ్గనివ్వకండి.

కుబుసం కాకపోతే వేడి చూడండి. వెచ్చటి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 25 నుంచి 27. గోడకు అంటించే గుండ్రటి ముల్లు థర్మామీటర్లను నమ్మి పాములను ఉడికించేవాళ్లు ఎంతమందో. అవి చెప్పేది గోడ మీది గాలి సంగతి, పాము పొట్ట ఆనే నేల సంగతి కాదు. ప్రోబ్ (తీగ చివర వేడిని కొలిచే మొన) ఉన్న డిజిటల్ థర్మామీటర్‌ను నేల మీద, హైడ్ లోపల పెట్టి కొలవండి. నేలను వేడిచేసే హీట్ మ్యాట్‌కు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకపోతే ఈ రోజే పెట్టండి. ఉన్నా, దాని ప్రోబ్ పక్కకు జరిగిపోయి చల్లటి చోట పడి ఉంటే మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. పొట్ట కాలుతున్న పాము పొద్దస్తమానం తిరుగుతుంది, దేనికైనా ఉలిక్కిపడుతుంది.

తర్వాత హైడ్. నాలుగు నెలల్లో ఏడాది లోపు పాము బాగానే పెరుగుతుంది, హైడ్ మాత్రం కొన్నప్పటిదే ఉంటుంది. అందులో సగం ఒళ్లు బయట పెట్టుకుని ఉంటే దాక్కున్నట్టు కాదు. అలాగని మరీ పెద్దదీ పనికిరాదు. చుట్టుకుని పడుకుంటే ఒళ్లు రెండు పక్కల గోడలకూ వీపు కప్పుకూ ఆనాలి. అలాంటివి రెండు, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. ఒకటే పెడితే అది భద్రత కావాలా వెచ్చదనం కావాలా అని రోజూ ఎంచుకోవాల్సి వస్తుంది. గాజు ట్యాంకైతే మూడు పక్కలూ కాగితంతో మూసేయండి. ట్యాంకు జరిపారా, పక్కన స్పీకరో వాషింగ్ మెషీనో వచ్చిందా, పిల్లి గాజు ముందు కూర్చుంటోందా కూడా చూడండి. గదవ కింద, కళ్ల చుట్టూ ఆవగింజంత కన్నా చిన్న నల్లటి చుక్కలు కదులుతున్నాయా, రోజంతా నీళ్ల గిన్నెలోనే పడి ఉంటోందా అని చూస్తే మైట్ల (రక్తం పీల్చే సన్నటి పురుగుల) సంగతి తేలిపోతుంది.

తిండి కూడా ఒకటి ఉంది. మేత సైజు కొన్నప్పటిదే ఇస్తూ ఉంటే ఎదిగే పాము ఆకలితో ఉంటుంది, అప్పుడు భయమూ ఆకలీ కలిసిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఎలుక మందం పాము ఒంట్లో అన్నిటికన్నా లావు చోటుకు సమానంగా ఉండాలి. ఎదిగే వయసులో ఒంటి బరువులో 10 శాతం దాకా ఇవ్వొచ్చు, పెద్దయ్యాక అంత అక్కర్లేదు. వంటింటి త్రాసు కొనండి. నెలకోసారి బరువు రాసి పెట్టుకుంటే ఈ గొడవల్లో సగానికి సమాధానం ఆ కాగితం మీదే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘పెట్టెలోనే మేపితే చెయ్యి చూసి తిండనుకుంటుంది, వేరే డబ్బాలోకి మార్చి మేపాలి’ అనే సలహా తరతరాలుగా తిరుగుతోంది. ఇది మానేయండి. తిన్న వెంటనే పామును ఎత్తి మళ్లీ పెట్టెలో వేయడమంటే, వేట ఊపులో ఉన్న నోటి ముందు చెయ్యి పెట్టడమే, తిన్నది కక్కించే ప్రమాదం అదనం. ఉన్న చోటే పొడవాటి పట్టకారుతో మేపండి, తర్వాత 48 గంటలు ముట్టుకోకండి. కక్కితే కనీసం పది రోజులు ఏమీ పెట్టకుండా ఆగి, తర్వాత చిన్న మేతతో మొదలుపెట్టాలి. ముక్కు మీద కొడితే నేర్చుకుంటుందనే సలహా ఇంకా ఘోరం. అది నేర్చుకునేది చెయ్యి అంటే దెబ్బ అని మాత్రమే.

నిజానికి నాకు బుసకొట్టే పాము మీద దిగులు లేదు. అది మాట్లాడుతోంది. దిగులంతా చేతిలో బంతిలా చుట్టుకుని, తల లోపల దాచుకుని, కదలకుండా ఉండే పాము మీద. వీడియోల్లో దాన్నే ‘ఎంత సాధువో చూడండి’ అని చేతులు మార్చి మార్చి చూపిస్తారు. బాల్ పైథాన్‌కు ఆ పేరు వచ్చిందే భయంతో అలా బంతి కట్టడం వల్ల. అది మీ చేతిలో హాయిగా లేదు, ప్రాణం ఎలా దక్కించుకోవాలా అని చూస్తోంది. మీ పాము మొదటి నాలుగు నెలలూ ‘చక్కగా’ ఉండేదన్నారు కదా, ఆ చక్కదనం ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. వేళ్ల మధ్య నుంచి నెమ్మదిగా పాకుతూ, కండరాలు వదులుగా ఉంచి, నాలుక ఆడిస్తూ అటూ ఇటూ చూసేదా? అయితే నిజంగానే అలవాటు పడింది, ఈ మార్పుకు కారణం పైన చెప్పినవాటిలో దొరుకుతుంది. ముద్దగా పడి ఉండేదా? అయితే అది అప్పుడూ భయపడుతూనే ఉంది, ఇప్పుడు ఎదిగి, దాక్కోవడం మాని ఎదిరిస్తోంది. ఈ రెండోది అనుకున్నదాని కన్నా ఎక్కువ, ఎవరూ ఒప్పుకోరు.

జాతిని బట్టి ఈ భాష మారుతుంది. కార్న్ స్నేక్ పిల్లలు తోకను గలగలలాడించి, ఎండుటాకుల మీదైతే చప్పుడు కూడా చేస్తాయి. మిల్క్ స్నేక్, కింగ్ స్నేక్ కంపు కొట్టే ద్రవం చేతికి పూస్తాయి. హాగ్‌నోజ్ మెడ వెడల్పు చేసి, బుసకొట్టి, నోరు మూసుకునే తలతో పొడుస్తుంది, అదీ పనిచేయకపోతే వెల్లకిలా పడి నాలుక వేలాడేసి చచ్చినట్టు నటిస్తుంది. ఆ నటన చూడ్డానికి కావాలని బెదిరించే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. హాగ్‌నోజ్‌కు నోటి వెనక కోరలున్నాయి, పట్టుకుని నములుతూ ఉంటే చెయ్యి బాగా వాస్తుంది, దాన్ని వెంటనే విడిపించాలి.

మీ పాముతో మళ్లీ మొదలుపెట్టే పద్ధతి చెబుతాను. రెండు వారాలు చేతిలోకి తీసుకోవడం పూర్తిగా ఆపండి. నీళ్లు మార్చడం, రెట్ట తీయడం, మేపడం, అంతే. ఈలోగా వేడీ హైడ్లూ సరిచేయండి. రెండు మేతలు మారాం చేయకుండా తిన్నాక, వారానికి రెండు మూడుసార్లు, ఐదు నిమిషాలు. లోపల చెయ్యి ఉండగా బుసకొడితే చటుక్కున లాక్కోకండి, ముందుకూ పోకండి. ఉన్న చోటే ఆపండి. నాలుక ఆడితే నెమ్మదిగా తీసేసి ఆ రోజుకు చాలించండి. ఎంతకీ ఆడకపోతే అంగుళం అంగుళం వెనక్కి రండి. చటుక్కున లాక్కునే చెయ్యి పాము కంటికి పారిపోతున్న ఎలుక లాంటిదే. మందపాటి తోలు గ్లవ్స్ వద్దు, వాటిలోంచి ఎంత గట్టిగా పట్టుకున్నారో మీకే తెలియదు. హుక్ చాలు. నెలా రెండు నెలలు పడుతుంది, మధ్యలో కుబుసం వస్తే అన్ని రోజులూ ఆగాల్సిందే.

కాటు పడితే, పట్టుకుని వదలకపోతే లాగకండి. పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీరుకుపోతుంది, దాని పళ్లు విరిగి నోట్లో పుండు పడుతుంది. తల మీద చల్లటి నీళ్లు పోయండి. అప్పటికీ వదలకపోతే శానిటైజర్ చుక్క నోటి అంచున పెట్టండి. వదిలాక సబ్బుతో కడిగి, విరిగిన పంటి ముక్క లోపల ఉందేమో వెలుతురులో చూసుకోండి. టెటనస్ ఇంజెక్షన్ గడువు దాటితే వేయించుకోండి.

అన్నీ సరిచేసినా నెలలో మార్పు లేకపోతే పాములను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ముఖ్యంగా ఊపిరి తీసినప్పుడల్లా బుసలాంటి శబ్దం వస్తుంటే, నోరు తెరిచి పీలుస్తుంటే, ముక్కు దగ్గర బుడగలు కనబడితే ఆలస్యం వద్దు. అది బెదిరింపు కాదు, ఊపిరితిత్తుల జబ్బు. బెదిరింపు బుస మీరు దూరం జరిగితే ఆగిపోతుంది, జబ్బు శబ్దం ఎవరూ దగ్గర లేకపోయినా వస్తూనే ఉంటుంది. అందుకని ఫోన్‌ను పెట్టె పక్కన పెట్టి, గది బయటికి వెళ్లి పది నిమిషాలు రికార్డు చేయండి. డాక్టర్ దగ్గర పరీక్ష బల్ల మీద అది భయంతో బిగుసుకుపోతుంది కాబట్టి, ఆ రికార్డింగూ బరువుల కాగితమూ రెండూ తీసుకెళ్లండి.