అద్దం తలుపు వద్దమ్మడూ

అమ్మడూ,

కొత్త ఫ్లాట్‌లో ఒక గదిని హోమ్ థియేటర్ చేస్తున్నావని, స్పీకర్లన్నిటినీ మోగించే యాంప్లిఫయర్ పెట్టె, అదే రిసీవర్, అది కూడా నువ్వే ఎంచుకుంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. మైకుసెట్టు మామయ్య మేనకోడలివనిపించావని మురిసిపోయాను. ఆ రిసీవర్‌ని టీవీ కింద అలమారాలో పెట్టి అద్దం తలుపు బిగిస్తావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ గదికి 5.1 చాలు, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. హెచ్‌డీఎంఐలో ఈఆర్క్ ఉందో లేదో చూడు, టీవీ శబ్దాన్ని అదే తీగలో రిసీవర్‌కి పంపేది అదే. తమ్ముడు డల్లాస్ నుంచి తెస్తానంటే వద్దను. అక్కడి సెట్టు 120 వోల్టులది, మన గోడలో వచ్చేది 230.

అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే వాట్లు పెళ్ళిచూపుల్లో చెప్పే జీతం లాంటివి. కింద చిన్నక్షరాల్లో ‘ఒక్క చానల్, 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్’ అని ఉంటుంది. అంటే ఒక్క స్పీకరే మోగుతుండగా, ఒకే స్వరం మీద కొలిచిన వాట్లన్నమాట. రెండు చానళ్ళు కలిసి మోగుతుండగా, 8 ఓమ్స్‌కి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఎంతిస్తుందో అదీ లెక్క. అయినా 80 వాట్లకీ 100కీ తేడా ఒక్క డెసిబెల్. ఆ డబ్బేదో స్పీకర్ల మీద పెట్టు.

ఇక ఓమ్స్, అంటే స్పీకరు కరెంటుకి పెట్టే అడ్డు. 1991 వేసవిలో మీ అమ్మ పెళ్ళికి మైకుసెట్టు నాదే. సొంతక్క పెళ్ళి, ఊరంతా వినపడాలని రెండు బాక్సులు పెట్టాల్సిన చోట నాలుగు పెట్టాను. అన్నీ 8 ఓమ్స్‌వే, నాలుగూ ఒకే జత తీగలకి ప్యారలల్‌గా కలిపాను. అలా కలిస్తే మిగిలేది 2 ఓమ్స్. అడ్డు తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది, ట్రాన్సిస్టర్లు కాగిపోతాయి. తెలియక కాదు, ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను. పైగా ఎవరైనా నీళ్ళు ఒలకబోస్తారని యాంప్లిఫయర్ మీద తువ్వాలు కప్పాను. గాలి ఆడే చిల్లులన్నీ మూసుకుపోయాయి. సరిగ్గా తలంబ్రాల వేళ పాట గరగరమని ఆగిపోయింది. తువ్వాలు లోంచి పొగ. పైనేమో తాటాకు పందిరి! మా నాన్న ప్లగ్గు పీకేసి, ఆ సెట్టుని ఉత్త చేతులతో ఎత్తుకెళ్ళి పెరట్లో పడేశాడు. నన్నొక్క మాట అనలేదు. వారం రోజులు అమ్మ ముద్దలు పెడితే తిన్నాడు.

‘ఇప్పటి సెట్లు వేడెక్కితే వాటంతటవే ఆగిపోతాయి మామయ్యా’ అంటావు. ఆగనీ. నువ్వు మాత్రం ఆ తలుపు పీకించు. సెట్టు పైన బెత్తెడు ఖాళీ ఉండాలి, దాని మీద సెట్‌టాప్ బాక్స్ కూడా పెట్టొద్దు. స్పీకర్లు 4 ఓమ్స్‌వి కొనే ముందు, రిసీవర్ వెనక ఎంత రాసుందో చదువు. ప్రీఅవుట్లు, అంటే బయటి యాంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లు, ఉన్నది కొంటే రేపు విడిగా పవర్ యాంప్ పెట్టుకోవచ్చు. తీగలు కలిపేటప్పుడు ప్లగ్గు తీసెయ్. ఒక్క రాగి పోచ పక్కదానికి తగిలినా కొంప మునుగుతుంది.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. వచ్చే ఆదివారం నేనే వచ్చి తీగలు కలుపుతాను, అందాకా స్విచ్ వెయ్యకు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. ఆరోజు కరెంటు పోయిందనే ఇప్పటికీ అనుకుంటోంది.

మామయ్య