మధ్యాహ్నం 12కి ఎక్కడున్నా వెనక్కి తిరగండి

చిరంజీవి అల్లుడికి అత్త ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ ప్లాన్ విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి, 11 గంటలకల్లా ఎగువ అహోబిలం చేరి, అటు నుంచి అటే ఆ పైనున్న ఉగ్ర స్తంభం కొండ కొమ్ము ఎక్కి, చీకటి పడేలోపు దిగుతామన్నావు. సుమారు 350 కిలోమీటర్లు కార్లో కూర్చుని, నిద్ర లేకుండా వచ్చి, ఎండ నడినెత్తికొచ్చే వేళకు కొండ మొదలుపెట్టడం మంచిది కాదు నాయనా. వద్దని చెప్పడానికి రాయడం లేదు. నల్లమల మీద నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. మీరు హాయిగా ఎక్కి, హాయిగా దిగాలనే ఇదంతా.

శుక్రవారం రాత్రికే ఆళ్లగడ్డ వచ్చేయండి. ఆరుగురికీ మా ఇంట్లో చాపలు, దుప్పట్లు ఉన్నాయి. పొద్దున నాలుగున్నరకు ఇక్కడ కదిలితే, దిగువ అహోబిలం దాటి, అక్కణ్ణుంచి ఘాట్‌లో 8 కిలోమీటర్లు ఎక్కి, వెలుతురు వచ్చేసరికి ఎగువ గుడి దగ్గర ఉంటారు. ఆ రోజు స్వాతి నక్షత్రం కాకుండా కేలెండర్లో చూసుకో. నరసింహస్వామి జన్మ నక్షత్రం కాబట్టి ఆ రోజు జనం ఎక్కువగా వస్తారు, మెట్ల దగ్గరే మీ గంటలు కరిగిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. కొండ దారి ఎంత దూరమని ఎవరినీ కిలోమీటర్లలో అడక్కు. ఒకరు నాలుగంటారు, ఒకరు ఎనిమిదంటారు. ఎన్ని గంటలు పడుతుందో అడుగు. లెక్కల టీచరుగా పని చేసినదాన్ని కదా, నాకు నచ్చిన లెక్క ఒకటుంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పాడు: చదును మీద గంటకు 5 కిలోమీటర్ల చొప్పున వేసుకుని, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలపాలని. అది చలిదేశంలో, ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. మన దగ్గర ఎండ ఉంది, గుండ్రాళ్లున్నాయి, దారి పొడవునా దర్శనాలున్నాయి, ఫొటోలున్నాయి. ఆ లెక్కతో ఎంత వస్తే దానికి రెట్టింపు వేసుకో. నేను చూసినంతలో, కొత్తవాళ్లు ఎగువ అహోబిలం నుంచి ఉగ్ర స్తంభానికి వెళ్లి రావడానికి ఎనిమిది గంటలకు తక్కువ పట్టలేదు. మీ ఆరుగురిలో ఎవరు నెమ్మదిగా నడుస్తారో వాళ్ల కాళ్లతోనే టైము కట్టు, నీ కాళ్లతో కాదు. ఆ మనిషినే ముందు నడిపించు. వెనక పడినవాళ్లు ఆయాసపడుతూ చేరేసరికి ముందున్నవాళ్లు విశ్రాంతి తీసుకుని లేస్తారు. పాపం, వాళ్లకు కూర్చునే టైమే దొరకదు.

దారిని మూడు ముక్కలుగా పెట్టుకో. మొదటిది భవనాశి వాగు వెంట క్రోడ నరసింహస్వామి మీదుగా జ్వాలా నరసింహస్వామి వరకు. వాగులో రాళ్లు, ఆ తర్వాత మెట్లు, పక్కన కొండ గోడ. గుడికి కాస్త ముందు, పైనుంచి జలపాతం మన మీదకే చినుకుతుంది. దగ్గర్లోనే రక్తకుండం. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి చేతులు కడుక్కున్నది అందులోనే అంటారు. అక్కడితో ఆగి వెనక్కి వచ్చినా అది నిండు రోజే. రెండోది మాలోల నరసింహస్వామి, ప్రహ్లాద బడి. ఆ బడి రాతి మీద చెక్కిన గీతలను వేలితో తడుముతూ మా పిల్లలు అరగంట కదల్లేదు ఒకసారి. మూడోది ఉగ్ర స్తంభం. మెట్లుండవు. వాన నీళ్లు కోసిన గాడిలో రాళ్లు, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కాలి, చివర్లో చేతులు కూడా ఆనించాలి. పైన చోటు ఇరుకు, గాలి తోసేస్తుంది. అంచు మీద సెల్ఫీలు వద్దని మీవాళ్లకు కిందే చెప్పు, పైకెళ్లాక ఎవరూ వినరు.

ఎనిమిదిన్నరకల్లా జ్వాలా గుడి దగ్గర ఉంటేనే మూడో ముక్కకు అడుగు వెయ్యండి. ఆలస్యమైతే మాలోలకు తిరగండి. పైకి వెళ్తే, మధ్యాహ్నం 12కి శిఖరం పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి. ఈ మాట కారు దిగకముందే ఆరుగురూ ఒప్పుకోవాలి. డిసెంబరులో మనకు సూర్యుడు 5:45 ప్రాంతంలో అస్తమిస్తాడు, కానీ ఆ లోయలో నాలుగున్నరకే నీడ దిగుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక కార్తీక మాసంలో మేం టీచర్లం ఏడుగురం ఆ తప్పు చేశాం. రెండున్నరకు పైకి చేరాం, సంబరంగా కూర్చున్నాం. దిగేటప్పుడు ఒకావిడకు మోకాలు పట్టేసింది. రక్తకుండం దాటకముందే కళ్లకు పక్కమనిషి చెయ్యి కనిపించలేదు. ఒక్క టార్చి లైటు, అదీ కాసేపటికే ఎర్రగా మారి ఆరిపోయింది. ఒకరి కొంగు ఒకరం పట్టుకుని, కూర్చుని కాలు చాపి, మడమతో రాయిని వెతుక్కుని, అది కదలదని తేలాక బరువు వేసి, మళ్లీ కూర్చుని... అలా దిగాం. ఎడమ పక్క వాగు చప్పుడు ఒక్కటే మాకు దారి. పొద్దున గంటలో ఎక్కినది దిగడానికి మూడున్నర గంటలు పట్టింది. ఎక్కడం ఊపిరితో అయ్యే పని, దిగడం మోకాళ్లతో అయ్యే పని. దిగేటప్పటికి మోకాళ్లలో సగం బలమైనా మిగలాలి. అందుకే ఎగువ గుడి దగ్గర దొరికే వెదురు కర్ర ప్రతి ఒక్కరూ తీసుకోండి. మనిషికొక టార్చి ఉండాలి, ఫోను లైటు కాదు. ఫోన్లో ఆ లోయలో సిగ్నల్ ఎలాగూ రాదు, కనీసం బ్యాటరీ మిగలనీ.

నీళ్లు తలకు 3 లీటర్లు. దారిలో దొరుకుతాయిలే అనుకోవద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లకు ఒకటి, చిన్న బాటిల్లో మొత్తం గుమ్మరించకండి. పులిహోర, వేరుశనగ చిక్కీలు నేను కట్టిస్తాను. కోతులు ప్లాస్టిక్ కవరు చప్పుడుకే వస్తాయి, కాబట్టి తిండి అంతా జిప్పు ఉన్న బ్యాగు లోపల పెట్టండి. ప్రతి గుడి దగ్గరా చెప్పులు విప్పాలి, అందుకని గట్టి పట్టున్న బూట్లే అయినా తేలిగ్గా వదులయ్యేవి వేసుకోండి. ముందు రోజు కాలి గోళ్లు తీసుకోండి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి, చాలామందికి ఇది తెలియదు.

చేతులు నిండా కప్పే చొక్కా వేసుకోండి, ఎందుకంటే దారిలో దూలగొండి ఉంటుంది. మీరు వచ్చేనాటికి దాని కాయలు ఎండి ఉంటాయి. దారి పక్క పొద మీద తీగ, దానికి చింతకాయలా వంకర తిరిగిన కాయలు, మీద బంగారు రంగు నూగు, చూస్తే మఖమల్ అనిపిస్తుంది. చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. వేశావా, ఆ రోజు ఇక నడక లేదు. గాలికి రాలిన నూగు తగిలినా దురదే. తగిలితే గోకొద్దు, రుద్దొద్దు, నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టర్ టేపు అంటించి పీకితే నూగు దాంతో వచ్చేస్తుంది. ఆ తర్వాతే కడుక్కోండి. టేపు చుట్ట ఒకటి నీ బ్యాగులో ఉండనీ.

కొండ చరియలకు పెద్ద తేనెపట్లుంటాయి. సెంటు కొట్టుకుని రావద్దు, పాటల స్పీకర్లు తేవద్దు, రాళ్లు విసరొద్దు, పొగ పెట్టొద్దు. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న అడవి అది. గుంపుగా, మామూలుగా మాట్లాడుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. కూర్చునే ముందు రాతి కింద కర్రతో తట్టండి. పాము కరిస్తే కొయ్యడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం ఏదీ చెయ్యొద్దు. ఆ కాలు కదలకుండా చూసి, మనిషిని మోసుకుని దింపి, 108కి ఫోను చేయాలి. అగ్గిపుల్ల గీసే పని అడవిలో అసలు పెట్టుకోకండి. పట్టుకెళ్లిన ప్రతి కవరూ వెనక్కి తేవాలి. చెంచులకు ఈ స్వామి ఇంటల్లుడు, చెంచు లక్ష్మిని పెళ్లాడినవాడు. మనం వాళ్ల ఇంటికి చుట్టపుచూపుగా వెళ్తున్నాం.

పై దారి తెరిచి ఉందో లేదో ముందు రోజే అటవీ శాఖ వాళ్లను అడిగి పెడతాను. వాళ్లు వద్దంటే వాదించకండి, జ్వాలా, మాలోల చాలు. దారి తెలిసిన మనిషిని కూడా మాట్లాడతాను. మూడో ముక్కకు అతను లేకుండా వెళ్లొద్దు. ముందురోజు వాన పడితే భవనాశి రాళ్లు పాచితో జారతాయి, పైన కురిస్తే వాగు ఉన్నట్టుండి పెరుగుతుంది, అప్పుడు ప్రయాణమే వాయిదా వేసుకుందాం.

మీ ఆరుగురి పేర్లు, ఇళ్ల నంబర్లు, ఎన్నింటికి ఎక్కడుంటారో ఒక కాగితం మీద రాసి నాకు ఇచ్చి వెళ్లాలి. సాయంత్రం 6కి దిగువ నుంచి ఫోను చెయ్యి. 7 దాటినా రాకపోతే నేను కబురు పంపిస్తాను, అందుకని మర్చిపోవద్దు.

మీలో మోకాలి నొప్పి, ఉబ్బసం, షుగరు ఎవరికైనా ఉందేమో సిగ్గుపడకుండా చెప్పమని అడుగు. నాకు వెంటనే రాయి, దారి చూపే మనిషితో మాట్లాడేటప్పుడు అది ముందే చెప్పాలి.

మీ అత్త