తెలుగు మీడియం వాళ్లకు జీఆర్ఈ వర్బల్ వస్తుందా? ఎన్ని పదాలు బట్టీ పట్టాలి?

టెన్త్ దాకా తెలుగు మీడియం, బీటెక్ అయిపోయింది, అమెరికాలో ఎంఎస్ కోసం జీఆర్ఈ పరీక్ష రాయాలి, మూడున్నర వేల పదాల లిస్టు ముందేసుకుంటే ‘డి’ అక్షరం కూడా దాటలేదు, నాకు వర్బల్, అంటే అందులోని ఇంగ్లిష్ భాగం, వస్తుందా రాదా అని అడిగారు. వస్తుంది. ముందు ఆ లిస్టు మూసి పక్కన పెట్టండి.

నాదీ ఇదే కథ కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నా. మాది మర్రిగూడ దిక్కు ఊరు, పదో తరగతి దాకా సర్కారు బడి, ఇంటర్, బీటెక్ నల్లగొండలో. 2018లో జీఆర్ఈ రాశాను. ఆరు నెలలు బట్టీ కొట్టాక రాసిన మొదటి ప్రాక్టీస్ టెస్టులో వర్బల్ 141 వచ్చింది. బయటివాళ్లకు చెప్తే "అబ్బో, నూట నలభయ్యా" అంటారు గానీ ఆ స్కోరు మొదలయ్యేదే 130 దగ్గర. అన్నీ తప్పులు పెట్టి వచ్చినా 130 వేస్తారు. అంటే నా ఆరు నెలల కష్టానికి గిట్టుబాటు అయింది 11 మార్కులు.

ఆ ఆరు నెలలూ శని, ఆదివారాలు పొద్దున ఐదింటి బస్సు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి హైదరాబాద్ ఎల్బీనగర్‌లో దిగి, అక్కడ మళ్లీ సిటీ బస్సు. కోచింగ్ సెంటర్ పేరు ఎందుకులెండి, ఫీజు కట్టిన రోజే ఇటుకంత జిరాక్స్ కట్ట చేతిలో పెట్టారు. అందులో దాదాపు సగం వ్యతిరేక పదాలు, అనాలజీలు (పదాల జంటల మధ్య పోలిక పట్టుకునేవి). ఆ రెండు రకాల ప్రశ్నలను 2011 ఆగస్టులో పరీక్ష మార్చినప్పుడే ఎత్తేశారు. ఎత్తేసిన ఏడేళ్లకు నేను బస్సులో నిలబడి ఒంటి చేత్తో పైన రాడ్ పట్టుకుని వాటిని వల్లె వేస్తున్నా! ఈ సంగతి తెలిశాక వెళ్లి అడిగితే "పదాలు పదాలే కదా బాబూ, ఎక్కడికి పోతాయి" అన్నారు. ఫీజు మాత్రం పోయింది.

పదాలు అక్కర్లేదని చెప్పట్లేదు. కానీ మనల్ని ముంచేది తెలియని పదం కాదు, తెలుసు అనుకున్న పదం. శాంక్షన్ అంటే ఏంటని మా నాన్నను అడిగినా చెప్తాడు, బ్యాంకులో పంట రుణం శాంక్షన్ కావడం. ఇంగ్లిష్‌లో అదే మాటకు ఆంక్ష పెట్టడం, శిక్ష వేయడం అని కూడా అర్థం ఉంది, పూర్తిగా ఎదురు అర్థం. ఓవర్‌సైట్ అంటే పర్యవేక్షణ, మళ్లీ అదే మాటకు చూడక వదిలేసిన పొరపాటు అనీ అర్థం. క్వాలిఫై అంటే మనకు పరీక్ష గట్టెక్కడం, వాళ్ల వ్యాసాల్లో మాత్రం అన్న మాటకు ఒక షరతు తగిలించి దాని జోరు తగ్గించడం. ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అని కనిపిస్తే చదువుకున్నవాళ్లు ఇచ్చిన మద్దతేమో అనుకున్నా నేను. ఇట్లాంటివి ఓ వంద దొరుకుతాయి, లిస్టులో ఉన్నా ‘ఇది తెలుసులే’ అని దాటేస్తాం.

ఇంకో మాట. ఆ కోచింగ్ సార్ ఇంగ్లిష్ పదానికి ఇంగ్లిష్‌లోనే అర్థం నేర్చుకోవాలని, తెలుగులో అనుకుంటే బుర్ర ఎదగదని తిట్టేవాడు. నేను ఒప్పుకోను. పర్‌ఫంక్టరీ అంటే తూతూమంత్రం. ఈక్వివొకేట్ అంటే నీళ్లు నమలడం. సికోఫాంట్ అంటే భజనపరుడు. ఒక్కసారి ఇట్లా అతికాక ఇక చచ్చినా ఊడవు. అదే ‘కనీస శ్రద్ధతో చేయబడిన’ అనే డిక్షనరీ అర్థాన్ని నేను నాలుగుసార్లు చదివి నాలుగుసార్లు మర్చిపోయాను. తెలుగు మీడియం వాళ్ల దగ్గర ఈ సరుకు బోలెడు ఉంది, వాడుకోరు.

సరే, అసలు నా కళ్లు తెరిపించిన రోజు గురించి చెప్తా. 141 వచ్చాక కోచింగ్ మానేసి నల్లగొండలో మా అక్క వాళ్లింట్లో ఉండి చదువుకుంటున్నా. ఆ ఇంటి ఓనరు రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్, కింద పోర్షన్‌లో ఉండేవారు. మా బావ నా సంగతి చెప్పినట్టున్నాడు, ఓ సాయంత్రం "ఏం చదువుతున్నవో పట్టుకరా బిడ్డా" అని పిలిచారు. వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నేను అంతకుముందే ఒక రీడింగ్ ప్యాసేజీ చేసి ఉన్నా, నాలుగు ప్రశ్నల్లో మూడు తప్పు. అదే ఆయన చేతిలో పెట్టాను.

ఆ ప్యాసేజీ బంగ్లాదేశ్ బోరుబావుల గురించి. అక్కడ చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి ఊరూరా బోర్లు వేశారు, తర్వాత చూస్తే ఆ బోరు నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం బయటపడింది. ఇంతవరకు చదివానో లేదో నా కళ్ల ముందు మా పెదనాన్న వచ్చి నిలబడ్డాడు. మా దిక్కు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి, ఎముకలు బిగుసుకుపోవడం మీకు తెలిసే ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అంటారు, మా రాళ్లలోనే ఉంది అది, బోరు ఎంత లోతుకు పోతే అంత. మా పెదనాన్న మెడ తిప్పలేడు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి, అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ, బండి మలుపుకున్నట్టు. నా పళ్ల మీద కూడా ఆ గోధుమ రంగు గీతలు ఉన్నాయి. అట్లాంటివాడికి నీళ్ల మీద ప్యాసేజీ ఇస్తే ఏం చేస్తాడు, తన ఊరి జవాబు రాస్తాడు.

‘రచయిత ముఖ్య ఉద్దేశం ఏమిటి’ అన్న ప్రశ్నకు నేను పెట్టింది, బోరు నీళ్ల ప్రమాదం గురించి ప్రజలను హెచ్చరించడం. ఇంకోదానికి, బోర్లు తవ్వడం ఆపాలని రచయిత సూచిస్తున్నాడు అని. సార్ ప్యాసేజీ మొత్తం పైకి చదివి, కళ్లజోడు తీసి, "బోర్లు ఆపాలని యాడ రాసిండు, ఏలు పెట్టి చూపియ్యి" అన్నారు.

వెతికాను. మొదటి పేరాలో లేదు, రెండో పేరాలో లేదు. "అంటే సార్, ఆయన ఉద్దేశం అదే కదా" అన్నాను.

"అది నీ ఉద్దేశం. ఆయన ఉద్దేశం ఏలు కింద ఉండాలె."

అప్పుడు ఆయన మళ్లీ చదివిస్తే తెలిసింది. ఆ ప్యాసేజీలో ఉన్నది జనం బాధ కాదు, ఇద్దరు శాస్త్రవేత్తల తగువు. పొలాలకు నీళ్లు తోడేకొద్దీ భూగర్భ జలం కిందికి దిగి, గాలి తగిలి, రాళ్లలోని పైరైట్ అనే ఖనిజం ఆక్సీకరణం చెంది ఆర్సెనిక్ వదులుతోందని మొదటి వాదన. కాదు, గాలి తగలని చోటే, మట్టిలోని సూక్ష్మజీవులు ఇనుప ఆక్సైడ్లను కరిగించి ఆర్సెనిక్‌ను విడిపిస్తున్నాయని రెండోది. రచయిత మొదటిదానిలో లోపం చూపించి రెండోదాని వైపు మొగ్గాడు, అంతే. ముఖ్య ఉద్దేశం, ఉన్న వివరణ సరిపోదని చెప్పడం. ఆ ఆప్షన్ చప్పగా ఉందని నేను చూడనే లేదు. హెచ్చరించడం, ఆపాలనడం, ఇట్లాంటి ఆవేశపు ఆప్షన్లు నాకోసమే పెట్టినట్టుగా ఉంటాయి. మా ఊరి విషయంలో నిజమే కావచ్చు, ప్యాసేజీలో మాత్రం లేవు. నాకు ఆ సాయంత్రం కొంచెం ఏడుపొచ్చింది కూడా, మార్కుల కోసం కాదు, అంత పెద్ద కష్టాన్ని అంత చల్లగా ఎట్లా రాస్తారో అని. కానీ పరీక్ష అడిగేది ఆ చల్లదనాన్నే.

ఖాళీలు నింపే ప్రశ్నలకు కూడా ఆయన చెప్పిన కిటుకే వాడాను. "మీ మేనత్త ‘పిల్లగాడు మంచోడే గని’ అన్నదనుకో, ఆ తర్వాత ఏమొస్తది?" అని అడిగారు. తిట్టు వస్తుందని మన ఊళ్లో చిన్న పిల్లకూ తెలుసు, ‘గని’ దగ్గరే వాక్యం మలుపు తిరిగింది. ఇంగ్లిష్‌లో ఆల్దో, డిస్పైట్, యెట్, ఫార్ ఫ్రమ్, హార్డ్‌లీ, ఇవన్నీ ఆ ‘గని’ చుట్టాలే. ఖాళీని కాదు, ముందు ‘గని’ని వెతకాలి. ‘ఎనీథింగ్ బట్’ అనేది నన్ను చాలాసార్లు దెబ్బ కొట్టింది, ‘ఎనీథింగ్ బట్ సింపుల్’ అంటే అస్సలు తేలిక కాదని, నేనేమో సింపుల్ అనే మాట చూసి సంబరపడేవాణ్ణి. మనకు కాదు, లేదు అనేవి వాక్యం చివర్లో వస్తాయి కదా, చివరిదాకా ఓపికగా ఆగుతాం. వాళ్లు ముందే కొట్టేసి వెళ్లిపోతారు. అట్లాగే మన క్రియ చివర్లో ఉంటుంది, వాళ్లది కర్తను ఆనుకుని ఉంటుంది, ఆ తర్వాత తోకలు. ఐదు లైన్ల వాక్యం వస్తే కర్తనూ క్రియనూ పట్టుకుని తోకలు తర్వాత చూసుకోండి. గ్రామర్ విడిగా అడగరు గానీ ఈ గ్రామర్ లేకపోతే చదవలేరు.

ఆరు ఆప్షన్లలో రెండు ఎంచుకునే ప్రశ్నలో ఇంకో మోసం ఉంది. ఒకే అర్థం ఉన్న జంట కనిపించగానే టిక్కు పెట్టేస్తాం, ఆ జంట వాక్యానికే సరిపోదు. రెండూ కరెక్ట్ అయితేనే మార్కు, ఒకటి కరెక్ట్ అయితే సున్నా. సగం మార్కు ఇస్తే వాళ్ల సొమ్మేం పోయిందో.

చివరికి నాకు 153 వచ్చింది. గొప్పేం కాదు, ఇంగ్లిష్ మీడియం వాళ్లు నవ్వుతారు, కానీ నాకు కావాల్సిన సీటుకు సరిపోయింది. నేర్చుకున్న పదాలు ఎనిమిది వందలు దాటవు. బంధువుల పెళ్లిళ్లలో ఇప్పటికీ, వర్బల్, లెక్కలు రెండూ కలిపి, "మూడు వందల ఇరవై దాటిందా" అని అడిగేవాళ్లున్నారు, ఆ అంకె వాళ్లకు ఎవరు నేర్పారో గానీ.

అమెరికా వద్దు, ఇక్కడే ఎంబీఏ, ఎంసీఏ చాలనుకుంటే ఐసెట్ ప్రవేశ పరీక్ష ఉంది. 2025లో మన నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ వాళ్లే నిర్వహించారు. 200 మార్కుల్లో ఇంగ్లిష్ భాగం 50, నెగెటివ్ మార్కులు లేవు, గ్రామర్ సూటిగా అడుగుతారు. జీఆర్ఈకి చదివింది ఐసెట్‌కు పూర్తిగా పనికిరాదు, రెండూ కలిపి కోచింగ్ ఇస్తామనేవాళ్లకు డబ్బులు కట్టకండి.

మా చిన్నమ్మ కూతురు ఈసారి జీఆర్ఈ రాస్తోంది. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష కుదించారు, మొత్తం 1 గంట 58 నిమిషాలే. వర్బల్ 27 ప్రశ్నలు, 18 నిమిషాల్లో 12, తర్వాత 23 నిమిషాల్లో 15, మొదటి ముక్క ఎట్లా చేశామనే దాన్నిబట్టి రెండోదాని కష్టం మారుతుంది. నా కాలంలో 30 నిమిషాలకు 20 ప్రశ్నల చొప్పున రెండుసార్లు కూర్చోబెట్టేవాళ్లు. ఆ పిల్ల నన్ను అడిగిందీ మీలాగే పదాల గురించే, "అన్నా, పదాల లిస్టు పంపవా" అని. జీఆర్ఈ పెట్టే ఈటీఎస్ వాళ్ల పవర్‌ప్రెప్ ప్రాక్టీస్ టెస్టులు రెండు ఫ్రీగా ఉంటాయి, ముందు ఒకటి రాసి చూపించమన్నా. మీరూ అదే చేయండి. ఆ పిల్ల మొన్న రాసి స్క్రీన్ షాట్లు పంపింది. రీడింగ్‌లో పోయినవి ఒక్కోటి తీసుకుని "ఈ జవాబు ప్యాసేజీలో యాడుంది, ఏలు పెట్టి చూపియ్యి" అన్నాను.

"ఫోన్ల ఏలు పెట్టి ఎట్ల చూపియ్యాలె అన్నా" అంది.