నాన్నకు మాట రావడం లేదు, మతి పోయిందంటున్నారు

ప్రశ్న: నాలుగు నెలల క్రితం మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చింది. నడుస్తున్నారు గానీ ఏమడిగినా ‘కాదు’ అనే అంటారు. కోపమొస్తే మాత్రం తిట్లు స్పష్టంగా వస్తున్నాయి. కావాలనే చేస్తున్నారని అమ్మ ఏడుస్తోంది. మతి పోయిందని బంధువులు ఆయన ముందే అంటున్నారు.

జవాబు: ముందు ఆ బంధువులను ఆపండమ్మా. ఆయన అన్నీ వింటున్నారు. మీరు రాసినదాన్ని బట్టి ఇది అఫేజియాలా ఉంది. చాలామందికి మాటను నడిపే భాగం మెదడులో ఎడమవైపు ఉంటుంది, అది దెబ్బతింటే చెప్పాలనుకున్నది మనసులో ఉన్నా మాట దొరకదు, దొరికినా నోటికి ఇంకోటి వస్తుంది. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు పరీక్షించిన ఒకాయన ఏమడిగినా ‘టాన్’ అనే అనేవాడు, తన సైగలు ఎదుటివాళ్లకు అర్థం కాకపోతే మాత్రం కోపంతో ఒక తిట్టు వచ్చేసేది. తిట్లు, అంకెలు, పాటలు అలవాటుగా దొర్లిపోతాయి, ఆలోచించి చెప్పాల్సిన మాటే రాదు. కాబట్టి ఆయన నటిస్తున్నారని అమ్మ అనుకోవద్దు.

ఆయన ‘కాదు’ అన్నా అది అవునే కావచ్చు, అందుకే బొటనవేలు పైకో కిందికో చూపించమనండి. ఏ చొక్కా కావాలని అడిగి ఊరుకోకుండా రెండు చొక్కాలు చేతిలో పట్టుకుని చూపించండి, ఆయన చెయ్యో చూపో ఎటు వెళ్తుందో చూడండి. టీవీ ఆపేసి, ఎదురుగా కూర్చుని, ఒకసారికి ఒక్క విషయమే అడగండి. గట్టిగా అరవొద్దు, లోపం చెవుల్లో లేదు. ఆ తర్వాత ఆగండి, మనకు ఇబ్బందిగా అనిపించేంత సేపు ఆగండి, మధ్యలో మాట అందించేస్తే ఆయన వెతుక్కుంటున్నది కూడా జారిపోతుంది. అర్థం కాకపోతే అయినట్టు తలూపకండి, ‘నాకు అందలేదు నాన్నా, ఇంకోసారి చూద్దాం’ అనండి. రాసి చూపించమంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ అఫేజియాలో రాత కూడా దెబ్బతింటుంది, బొమ్మ గీయడం, వేలితో చూపించడం కొందరికి తేలిక.

మొదటి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఏళ్ల తరబడి సాగవచ్చు, ఇక రాదని ఎవరన్నా నమ్మకండి. తిండి, నిద్ర తగ్గి ముభావంగా ఉంటే డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చెప్పండి. ఈ వారమే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, అమ్మనూ పక్కన కూర్చోబెట్టండి. ఆయన కావాలని చేయడం లేదన్న మాట అమ్మ ఆ థెరపిస్ట్ నోటే వినాలి.