నూనె మానేసినా ట్రైగ్లిజరైడ్లు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 42. లిపిడ్ ప్రొఫైల్‌లో మొత్తం కొలెస్ట్రాల్ 228, హెచ్‌డీఎల్ 38, ఎల్‌డీఎల్ 128, ట్రైగ్లిజరైడ్లు 310 వచ్చాయి. మూడు నెలలుగా నూనె చుక్క ముట్టడం లేదు. మరి ఈ కొవ్వు ఎక్కడిది? కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు ఒకటేనా?

జవాబు: ఒకటి కాదండీ. రెండూ నీళ్లలో కరగవు కాబట్టి లిపిడ్లు అనే ఒకే పేరు పెట్టారు గానీ, నిర్మాణం వేరు, చేసే పని వేరు.

గ్లిసరాల్ అనే చిన్న అణువుకు మూడు ఫ్యాటీ ఆమ్లాలు తోకల్లా అతుక్కుంటే ట్రైగ్లిజరైడ్. ఇది మన ఒళ్లు దాచుకునే ఇంధనం. గ్రాముకు 9 కిలో క్యాలరీలు ఇస్తుంది. తోకలు తిన్నగా ఉంటే ఒత్తుగా సర్దుకుని గడ్డకడతాయి, అవి సంతృప్త కొవ్వులు. ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట లంకె) దగ్గర తోక వంగిందంటే అలా సర్దుకోలేక నూనెలా పల్చగా ఉండిపోతాయి.

మూడో తోక ఉండాల్సిన చోట ఫాస్ఫేట్ చేరితే అది ఫాస్ఫోలిపిడ్. ఆ ఫాస్ఫేట్ తల నీటిని కోరుకుంటుంది, తోకలకు నీరు గిట్టదు. అందుకని ఇవి రెండు వరుసలుగా, తోకలు లోపలికి దాచుకుని నిలబడతాయి. మీ ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉన్న పొర ఇదే. కొవ్వంటేనే భయపడేవారికి నేను ముందు ఇదే చెబుతాను.

కొలెస్ట్రాల్‌లో నాలుగు వలయాలుంటాయి. దాన్ని కరిగించి శక్తి పొందలేం. పైత్యరసంలోని ఆమ్లాలు, విటమిన్ డి, కార్టిసాల్, ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లకు అదే ముడిసరుకు. హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ అనేవి దాన్ని రక్తంలో మోసుకెళ్లే రేణువులు. ఎల్‌డీఎల్ ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో చేరి పూడికలకు దారితీస్తుంది.

ఇక మీ 310. ఇది 150 లోపు ఉండాలి. చక్కెర, పిండిపదార్థాలు అవసరానికి మించితే కాలేయమే వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మద్యం కూడా పెంచుతుంది. నూనె మానేసి, ఆ ఆకలిని పిండిపదార్థాలతో తీర్చుకునేవారిని చాలామందిని చూశాను. మీరూ ఒకసారి గమనించుకోండి. కొద్దిగా నూనె మళ్లీ మొదలుపెట్టండి. నూనెల్లో దొరికే లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే ఫ్యాటీ ఆమ్లాలను శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు. తీపి తగ్గించండి, మద్యం అలవాటుంటే మానండి, రోజూ అరగంట వేగంగా నడవండి. హెచ్‌బీఏ1సీ (రక్తంలో సుమారు మూడు నెలల సగటు చక్కెర), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, మధుమేహం, థైరాయిడ్ లోపం వల్లా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. మందులు అవసరమా అన్నది మీ బీపీ, పొగతాగే అలవాటు, కుటుంబంలో గుండెజబ్బుల చరిత్ర చూసి మీ డాక్టరే తేల్చాలి. మూడు నెలల తర్వాత, 12 గంటలు ఏమీ తినకుండా ఉండి మళ్లీ పరీక్ష చేయించండి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మాత్రం ఆలస్యం చేయొద్దు, క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది.