నాన్నగారి కంటి ఇంజెక్షన్లకు ఎఫ్‌డీ మొత్తం తీసేయాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సిగరెట్లు ఇంకా మానలేదు, బీపీ కూడా ఉంది. కుడి కంట్లో తడి రకం మాక్యులా క్షీణత (వెట్ ఏఎండీ – కంటి వెనక పొర రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు), ఎడమ కంట్లో పొడి రకం మధ్య దశలో ఉందన్నారు. ఒక్కో ఇంజెక్షనుకు రూ.22,000 అవుతుందట. నాలుగేళ్లుగా కడుతున్న రూ.5 లక్షల ఆరోగ్య పాలసీ ఉన్నా, 24 గంటలు అడ్మిట్ కాలేదని మొదటి క్లెయిమ్ తిరస్కరించారు. ఆయన పేరిట రూ.8 లక్షల ఎఫ్‌డీ ఉంది. తీసేయాలా? నాకు 46. నేనూ క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (జాబితాలోని తీవ్ర జబ్బు వస్తే ఒకేసారి సొమ్ము ఇచ్చేది) తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఎఫ్‌డీ మొత్తం తీయకండి. ఇంజెక్షన్ మాత్రం ఒక్కటి కూడా వాయిదా వేయకండి. తడి రకంలో రెటీనా కింద పుట్టిన బలహీనమైన రక్తనాళాలు కారుతుంటాయి. మందు ఆ కారడాన్ని ఆపేది కొన్ని వారాలే. డబ్బు సర్దుబాటు కాక మధ్యలో ఆపేస్తే, పోయిన చూపు చాలామందికి తిరిగి రాదు. అందుకే దీన్ని ఒక్కసారి అయ్యే ఆపరేషన్ ఖర్చులా కాక ఇంటద్దెలా చూడాలి.

మొదట నెలకొకటి చొప్పున మూడు వేస్తారు. తర్వాత రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ చూసి వ్యవధి పెంచుతూ పోతారు. మొదటి ఏడాదికి ఎనిమిది అనుకుంటే రూ.1,76,000, స్కాన్లు వేరు. రూ.2 లక్షలు ఎప్పుడైనా తీసుకునేలా స్వీప్ ఖాతాలో (పొదుపు ఖాతాకు జోడించిన ఎఫ్‌డీ) ఉంచి, మిగతాది లక్ష చొప్పున వేర్వేరు గడువులతో వేయండి. మీ బ్యాంకులో కొంత మాత్రమే తీసుకునే వీలు లేకపోతే, ముందే రద్దు చేసినప్పుడు పోయే వడ్డీనీ ఎఫ్‌డీ మీద అప్పుకయ్యే వడ్డీనీ పోల్చి చూసుకోండి.

ఇంకో మాట డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి: ఈ మందు రెండేళ్లపాటు మా వల్ల కాకపోతే తక్కువ ధరది ఏది? ఈ జబ్బుకు వాడే మందు రానిబిజుమాబ్‌కు మన దేశంలో తయారైన బయోసిమిలర్లు (అసలు మందును పోలినవి) ఉన్నాయి. బెవాసిజుమాబ్ ఇంకా చౌక. చూపు నిలపడంలో అది రానిబిజుమాబ్‌కు తీసిపోదని 2011లో వెలువడిన అమెరికా పరిశోధన తేల్చింది. అయితే అది క్యాన్సర్ మందు. ఒక వయల్‌ను (మందు సీసాను) అనేక సిరంజిల్లోకి పంచుతారు. పంచేటప్పుడు శుభ్రత తప్పితే కంట్లో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఎక్కడ పంచుతారో తెలుసుకున్నాకే ఒప్పుకోండి. ఖరీదైనది మూడు వేయించి ఆగిపోవడం కంటే చౌకది క్రమం తప్పకుండా వేయించడమే నా దృష్టిలో మేలు.

క్లెయిమ్ వదులుకోకండి. కంట్లోకి ఇచ్చే ఈ ఇంట్రావిట్రియల్ ఇంజెక్షన్లను మినహాయించకూడదని, ఇన్‌పేషెంటుగానో డే కేర్‌గానో (24 గంటలు ఉండనక్కర్లేని చికిత్స) కవర్ చేయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పాలసీ పుస్తకంలో ‘ఆధునిక చికిత్సలు’ అన్న భాగం తెరవండి. ఉప పరిమితి (ఆ చికిత్సకు కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) ఎంతో అక్కడే ఉంటుంది. ఇలాంటి క్లెయిములు ఎక్కువగా ఆగేది ఆసుపత్రి ఓపీ బిల్లు ఇచ్చినప్పుడే. డే కేర్ అడ్మిషన్, డిశ్చార్జ్ సమ్మరీ, మందు పేరూ బ్యాచ్ నంబరూ ఉన్న బిల్లు, ఇంజెక్షనుకు ముందు తీసిన ఓసీటీ నివేదిక – ఇవన్నీ ఉండాలి. వీటితో కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, రుసుము లేదు. నాన్నగారికి 70 దాటాయి కనుక ఆదాయంతో నిమిత్తం లేని, ప్రభుత్వ ఉచిత వైద్య పథకపు ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా తీయించండి. ఈ ఇంజెక్షన్ దాని కిందకు వస్తుందో లేదో ఆసుపత్రి ఆయుష్మాన్ డెస్కులో కనుక్కోండి.

ఇక ఎడమ కన్ను. అదీ తడి రకంలోకి మారితే ఖర్చు దాదాపు రెట్టింపు. వయసునూ వంశాన్నీ మార్చలేం. సిగరెట్టును మార్చగలం, మార్చుకోగల కారణాల్లో అదే పెద్దది. బీపీ అదుపులో ఉండాలి. మధ్య దశకు వాడే విటమిన్ బిళ్లల్లో ల్యూటిన్ 10 మి.గ్రా., జియాజాంథిన్ 2 మి.గ్రా. ఉన్నవి కొనండి. బీటా కెరోటిన్ ఉన్నది మాత్రం వద్దు, పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. ఆమ్స్‌లర్ గళ్ల కాగితాన్ని రోజూ ఒక్కో కన్ను మూసి చూడమనండి. గీతలు వంకరగా కనిపిస్తే ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

మీ విషయానికొస్తే, కేవలం ఈ భయంతో క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ వద్దు. అందులో అంధత్వం అంటే సాధారణంగా రెండు కళ్లలోనూ చూపు 3/60 (మామూలు చూపుకు 60 మీటర్ల నుంచి కనిపించేది 3 మీటర్ల దగ్గరే కనిపించడం) లేదా అంతకు తక్కువై, శాశ్వతంగా పోవడం. ఒక కన్ను దెబ్బతింటే పైసా రాదు. ఆ ప్రీమియంతో మీ సొంత ఆరోగ్య పాలసీ మొత్తాన్ని ఇప్పుడే పెంచుకోండి. 50 దాటాక ఏటా కంటిపాపను పెద్దదిచేసే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. ఈ విటమిన్ బిళ్లలు మీకు ఇప్పుడు అనవసరం, జబ్బు రాకుండా అవి ఆపలేవు.